తలుపు తట్టిన సమనుకు ముఖం చాటేస్తే నష్టం ఎవరికి?

కుటుంబ కేసుల్లో తీర్పును నడిపించేది కాగితమే.. ఆ కాగితాన్ని రప్పించేది సమనే

నరసరావుపేట: పల్నాటి పల్లెల్లో కోర్టు అమీనా అడుగుపెడితే వీధి వీధంతా చెవులు రిక్కిస్తుంది. ఏ ఇంటి ముందు ఆగుతాడో, ఎవరి పేరు పిలుస్తాడోనని తలుపుల చాటున చూస్తుంది. ఆ ఇంటివారు 'మావాడు ఊళ్లో లేడు' అని చెప్పి పంపివేయడమే తెలివైన పని అనుకుంటారు. భార్యాభర్తల తగాదాల్లో, మనోవర్తి, విడాకులు, పిల్లల సంరక్షణ కేసుల్లో ఈ ధోరణి మరీ ఎక్కువ. పరువు పోతుందన్న భయం కొందరిది, పెద్దమనుషుల పంచాయితీలో తేల్చుకుందామన్న ఆశ మరికొందరిది. అయితే సమనును తప్పించుకున్నవాడు కేసును తప్పించుకోలేడు. పైగా తప్పించుకు తిరిగిన ప్రతి నెలా బాకీగా మారి అతని మెడకే చుట్టుకుంటుంది.

ఈ విషయానికి రెండో పార్శ్వం కూడా ఉంది. సమను ఎదుటివారిని కోర్టుకు పిలిపించడానికి మాత్రమే కాదు, వారి ఆదాయాన్ని చూపే కాగితాలను కోర్టు ముందుకు రప్పించడానికి సైతం ఉపయోగపడుతుంది. బిడ్డను చంకనేసుకుని మనోవర్తి కోసం కోర్టు మెట్లెక్కే మహిళలకు ఇంతకు మించిన సాధనం లేదు. దాని సంగతి తెలియకనే ఎందరో చేతికందిన అవకాశాన్ని జారవిడుచుకుంటున్నారు.

సమనులో రెండు రకాలు

సమను అంటే నేరారోపణ కాదు, అరెస్టు ఉత్తర్వు అంతకన్నా కాదు. ఫలానా తేదీన, ఫలానా వేళకు, ఫలానా పనిమీద హాజరు కావాలని కోర్టు పంపే పిలుపు మాత్రమే. కేసు వేసినవారి ఎదుటి పక్షానికి వెళ్లే సమను మొదటి రకం. 'మీపై ఈ పిటిషను దాఖలైంది, మీ జవాబు చెప్పుకోండి' అన్నదే దాని సారాంశం. దానితోపాటు పిటిషను ప్రతి కూడా అందుతుంది.

రెండోది సాక్షులకు, కాగితాలు తమ వద్ద ఉన్నవారికి పంపే సమను. వచ్చి సాక్ష్యం చెప్పమని కొందరిని పిలుస్తారు. 'మీరు రానవసరం లేదు, మీ దగ్గరున్న ఫలానా దస్తావేజు పంపితే చాలు' అని మరికొందరిని ఆదేశిస్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 30, 31 సెక్షన్లు, 16వ ఆర్డరు ఈ అధికారాన్ని కోర్టుకు ఇచ్చాయి. క్రిమినల్ విధానం ప్రకారం నడిచే మనోవర్తి కేసుల్లో, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 94వ సెక్షను కింద కాగితాలను, ఫోనులోని సమాచారాన్ని సైతం తెప్పించవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 91వ సెక్షనుగా ఉండేది. అమెరికాలో ఉంటున్న పిల్లల నోట తల్లిదండ్రులు వినే 'సబ్‌పీనా' అన్న మాటకు మన కోర్టుల్లో సరిసమానమైనది ఈ రెండో రకం సమనే. అయితే అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో న్యాయవాదే సబ్‌పీనా జారీ చేయగలరు. మన దేశంలో ఆ అధికారం కోర్టుదే.

కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆ న్యాయస్థానం పరిధి లేని చోట్ల విడాకుల పిటిషన్లను సివిల్ కోర్టులు, మనోవర్తి పిటిషన్లను మేజిస్ట్రేటు కోర్టులు విచారిస్తాయి. కోర్టు ఏదైనా పిలుపు పద్ధతి స్థూలంగా ఒక్కటే.

తీసుకోకుంటే ఆగుతుందా?

సమను తీసుకోవడానికి నిరాకరిస్తే కేసు అక్కడితో ఆగిపోతుందన్నది గ్రామాల్లో బలంగా నాటుకున్న అపోహ. సివిల్ కేసులో మనిషి ఇంట్లో లేకుంటే అతనితో కలిసి ఉంటున్న కుటుంబసభ్యుల్లో వయసొచ్చిన వారెవరికైనా సమను ఇవ్వవచ్చు. పనివారిని మాత్రం కుటుంబసభ్యులుగా పరిగణించరు. తీసుకోనంటే ఇంటి తలుపుకు అంటించి, సాక్షుల పేర్లతో అమీనా నివేదిక రాసుకుంటాడు. కావాలనే తప్పించుకు తిరుగుతున్నారని కోర్టు భావిస్తే, ఆ వ్యక్తి చివరిసారిగా నివసించిన ప్రాంతంలో చదివే దినపత్రికలో ప్రకటన వేయిస్తుంది. పత్రికల లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో కనిపించే కోర్టు నోటీసులు ఇవే. ఆ ప్రకటనను సదరు వ్యక్తి చదివినా చదవకపోయినా, చట్టం దృష్టిలో సమను అందినట్లే లెక్క.

క్రిమినల్ విధానంలో కొంతకాలం క్రితం వరకు ఒక విచిత్రమైన నిబంధన ఉండేది. మనిషి దొరకనప్పుడు సమనును కుటుంబంలోని వయసొచ్చిన మగవారికే ఇవ్వాలని 1973 నాటి కోడ్‌లోని 64వ సెక్షను చెప్పేది. ఇంట్లో తల్లి ఉన్నా, అక్క ఉన్నా వారి చేతికి ఇచ్చేందుకు వీలుండేది కాదు. పనికోసం మగవారు ఊరు విడిచి వెళ్లిన ఇళ్లలో సమను తిరుగుటపాలో కోర్టుకు చేరడానికి ఇదొక కారణం. కొత్త సంహితలోని 66వ సెక్షను 'మగ' అన్న మాటను తొలగించింది. ఇప్పుడు ఇంట్లోని స్త్రీకి అందించినా చెల్లుతుంది. ఒక్క పదం మారితే మనోవర్తి కోరే మహిళకు నెలల తరబడి నిరీక్షణ తగ్గవచ్చునన్నది గమనార్హం.

సమను అందాక కూడా రాకపోతే కోర్టు ఏకపక్షంగా విచారణ జరుపుతుంది. వ్యవహారంలో 'ఎక్స్‌పార్టీ' అనేది దీన్నే. హాజరైన పక్షం చెప్పిందే రికార్డవుతుంది, దాని ఆధారంగానే ఉత్తర్వు వెలువడుతుంది. మనోవర్తి కేసులో ఇలాంటి ఉత్తర్వును రద్దు చేయమని కోరాలంటే తగిన కారణం చూపుతూ మూడు నెలల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. సివిల్ డిక్రీ అయితే ఆ గడువు 30 రోజులే. సమను సక్రమంగా అందని పక్షంలో మాత్రం డిక్రీ సంగతి తెలిసిన నాటినుంచి ఆ 30 రోజులను లెక్కిస్తారు.

అరవై రోజుల గడువు వెనుక కథ

మధ్యంతర మనోవర్తి దరఖాస్తును సాధ్యమైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని హిందూ వివాహ చట్టంలోని 24వ సెక్షను, నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షను రెండూ చెబుతున్నాయి. పైకి చూస్తే బాధితురాలికి రెండు నెలల్లో ఊరట లభించాలి. కానీ ఆ 60 రోజులు లెక్కలోకి వచ్చేది ఎదుటి పక్షానికి నోటీసు అందిన రోజునుంచి. నోటీసు అందడానికి పట్టే కాలానికి ఆ లెక్కలో చోటు లేదు. చిరునామా తప్పని ఒకసారి, ఇంటికి తాళం వేసి ఉందని మరోసారి, ఊరు విడిచి వెళ్లాడని ఇంకోసారి సమను వెనక్కి వస్తుంటే గడువు మొదలే కాదు. జాప్యమంతా గడువుకు ముందే దాగి ఉంటోంది. అమీనాకు ముఖం చాటేసేవారి ధీమా కూడా ఇదే.

ఆ ధీమాకు 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. న్యాయవాద వర్గాల్లో రజనేశ్-నేహ కేసుగా వాడుకలో ఉన్న ఆ తీర్పు ప్రకారం మనోవర్తిని దరఖాస్తు పెట్టుకున్న తేదీ నుంచే లెక్కగట్టాలి. అంటే భర్త సంవత్సరంపాటు సమను అందకుండా తిరిగినా, ఉత్తర్వు వెలువడిన నాడు ఆ 12 నెలల మొత్తం ఒక్కసారిగా బాకీగా నిలుస్తుంది. నెలకు 5 వేల రూపాయల చొప్పున నిర్ణయించారనుకుంటే 60 వేల రూపాయలు కూడగట్టుకోక తప్పదు. ఉత్తర్వు తరువాత కూడా తగిన కారణం లేకుండా చెల్లించకపోతే కోర్టు వారంటు జారీ చేయవచ్చు. ఒక్కొక్క నెల బాకీకి నెల రోజుల వరకు జైలుశిక్ష విధించే వీలుంది. అయితే బాకీ పడిన ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు పెట్టుకోవాలన్న నిబంధనను మహిళలు మరువరాదు.

ఈ హక్కు ఒక మతానికి పరిమితం కాదు. విడాకులు పొందిన ముస్లిం మహిళలు సైతం ఇదే సెక్షను కింద మనోవర్తి కోరవచ్చని, తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 జులై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అసలు పోరు ఆదాయం మీదే

మనోవర్తి కేసులో ఇద్దరికీ పెళ్లయిందన్న విషయంపై పెద్దగా వాదన ఉండదు. పేచీ అంతా 'అతని సంపాదన ఎంత' అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ప్రభుత్వోద్యోగి అయితే జీతం చీటీ ఉంటుంది. పల్నాడులో చాలామంది ఆదాయానికి అలాంటి చీటీ లేదు. మిర్చి, పత్తి పండించే రైతు ఆదాయం ఏడాదికోసారి యార్డులో చేతికొస్తుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వ్యాపారం, లారీ కిరాయిలు, కౌలు, వడ్డీ వ్యాపారం చాలావరకు నగదు మీదే నడుస్తాయి. కోర్టు బోనెక్కగానే పదెకరాల ఆసామి కూడా 'రోజు కూలీని' అని చెప్పుకోవడానికి ఈ నగదు లావాదేవీలే ధైర్యమిస్తున్నాయి.

ఉదాహరణకు గురజాల ప్రాంతంలోని ఒక రైతుకు ఆరెకరాల మిర్చి తోట, ఒక ట్రాక్టరు ఉన్నాయనుకుందాం. భార్య బిడ్డతో పుట్టింటికి చేరింది. తనకు భూమి లేదని, కూలికి వెళ్లి బతుకుతున్నానని భర్త కోర్టులో చెప్పాడు. భార్య చేతిలో ఉన్నది తన నోటిమాట ఒక్కటే. ఈ స్థితిలో కోర్టు ఎంత సానుభూతి చూపినా కూలీ సంపాదనను బట్టే భరణం నిర్ణయించే ప్రమాదముంది. అదే భార్య తన న్యాయవాది ద్వారా అడంగల్, ఈ-పంట నమోదు, ట్రాక్టరు రిజిస్ట్రేషను, మిర్చి అమ్మకం పట్టీలు, బ్యాంకు ఖాతా వివరాలు కోర్టు ముందుంచితే కథ అడ్డం తిరుగుతుంది. అప్పుడు నోరు విప్పాల్సింది భర్తే.

ఈ చిక్కును సుప్రీంకోర్టు 2020 తీర్పులోనే గుర్తించింది. మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు వెల్లడిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయాలని ఆదేశించింది. వ్యవసాయం మీద ఆధారపడినవారి కోసం విడిగా ఒక నమూనాను కూడా తీర్పుకు జతచేసింది. ఎంత భూమి, అది మెట్టా మాగాణా, ఏ పంటలు వేస్తున్నారు, పశువులెన్ని, భూమిపై తెచ్చిన అప్పెంత వంటి వివరాలు అందులో నింపాలి. ఎదుటి పక్షం గరిష్ఠంగా నాలుగు వారాల్లో తన ప్రమాణపత్రం ఇవ్వాలి. పదేపదే వాయిదాలు కోరుతూ ఉద్దేశపూర్వకంగా జాప్యం చేస్తే అతని వాదనను కొట్టివేసే అధికారం కోర్టుకు ఉంది. అబద్ధపు ప్రమాణపత్రం ఇస్తే క్రిమినల్ చర్యలూ తప్పవు.

పల్నాడు వంటి వ్యవసాయ జిల్లాకు ఈ నమూనా ఎంతో అక్కరకొచ్చేది. ప్రమాణపత్రంలో చెప్పినదానికి, బయటి కాగితాల్లో ఉన్నదానికి పొంతన కుదరనప్పుడే సమను పని మొదలవుతుంది.

ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది?

కొన్ని కాగితాలకు సమను అక్కర్లేదు. భూమి అడంగల్, 1బి వివరాలు మీభూమి వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఆస్తి ఎవరి పేరునుంచి ఎవరికి మారిందో చెప్పే ఈసీని, రిజిస్టరు దస్తావేజుల నకళ్లను సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు చేసి తీసుకోవచ్చు. కేసు పడబోతోందని తెలియగానే భూమిని అన్నదమ్ముల పేరునో, తల్లి పేరునో రాసివేసే సంఘటనల్లో ఈసీయే మొదటి సాక్షి.

జీతం వివరాలు, భవిష్యనిధి ఖాతా, బ్యాంకు లావాదేవీలు, ఆదాయపు పన్ను పత్రాలు, కమీషను ఏజెంటు దగ్గరి అమ్మకం పట్టీలు, శీతల గిడ్డంగిలో నిల్వ ఉంచిన మిర్చి బస్తాల లెక్క, చిట్టీల రిజిస్టరు వంటివి మాత్రం ఎదుటివారి అనుమతి లేకుండా బయటివారికి ఇవ్వరు. వీటిని రప్పించాలంటే సమనే దారి. పద్ధతి కూడా అంత కష్టమైనది కాదు. ఏ కాగితం కావాలో, అది ఎవరి ఆధీనంలో ఉందో, కేసుకు దానితో సంబంధమేమిటో వివరిస్తూ కోర్టులో దరఖాస్తు వేయాలి. సివిల్ కేసులో విచారణాంశాలు ఖరారైన తరువాత 15 రోజుల్లోగా సాక్షుల జాబితా ఇవ్వాలి. ఆలస్యమైతే కారణం చూపి కోర్టు అనుమతి పొందాలి. సాక్షి రాకపోకల ఖర్చును, అంటే బత్తాను, పిలిపించినవారే ముందుగా కోర్టులో జమచేయాలి. కోర్టు అనుమతిస్తే సమనును దరఖాస్తుదారే స్వయంగా అందించే వీలు కూడా ఉంది.

బ్యాంకుల విషయంలో మరో వెసులుబాటు ఉంది. 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ప్రకారం ఖాతా పుస్తకం అసలు తేనవసరం లేదు. బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చిన నకలే సాక్ష్యంగా చెల్లుతుంది. మేనేజరు పని మానుకుని కోర్టుకు రావాల్సిన అవసరం చాలా సందర్భాల్లో తలెత్తదు.

చేతిలో ఉన్న కాగితాన్ని ఎవరైనా కోర్టుకు చూపకుండా దాచిపెడితే, అది బయటికొస్తే తనకే చేటని దాచాడని కోర్టు భావించవచ్చు. సాక్ష్య చట్టంలో ఏనాటినుంచో ఉన్న ఈ సూత్రం భారతీయ సాక్ష్య అధినియమంలోని 119వ సెక్షనులోనూ కొనసాగింది. కాబట్టి కాగితం రాకపోయినా దాన్ని అడిగిన దరఖాస్తు వృథా పోదు.

సాక్షికి భయమెందుకు?

కుటుంబ కేసుల్లో సమను అందుకునేవారిలో భార్యాభర్తలతో సంబంధం లేనివారూ ఉంటారు. పంచాయితీలో కూర్చున్న పెద్దమనిషి, పెళ్లి చేయించిన పురోహితుడు, ఫొటోగ్రాఫరు, పక్కింటివారు, వైద్యుడు, పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఎవరైనా కావచ్చు. సాక్ష్యం చెబితే ఏదో ఒక వర్గానికి శత్రువులమవుతామన్న జంకు పల్నాడు గ్రామాల్లో తోసిపుచ్చలేనిది. అయినా సమను అందిన సాక్షి తగిన కారణం లేకుండా రాకపోతే కోర్టు వారంటు జారీ చేయవచ్చు, ఆస్తి జప్తు చేయవచ్చు, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 32వ సెక్షను కింద 5 వేల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. జబ్బు చేసినా, ఆ రోజు రాలేని పని ఉన్నా ముందుగానే కోర్టుకు తెలియజేస్తే మరో తేదీ ఇస్తారు. కదలలేని వృద్ధుల సాక్ష్యాన్ని కమిషనర్ ద్వారా ఇంటివద్దనే నమోదు చేయించే ఏర్పాటు ఉంది.

సమను చేతికందగానే సాక్షి గమనించాల్సినవి నాలుగు. కోర్టు పేరు, కేసు నంబరు, తేదీ, వేళ ఏమిటి? తనను పిలిచింది సాక్ష్యానికా, కాగితానికా? ఏ కాగితమో స్పష్టంగా రాశారా? బత్తా జమ అయిందా? కాగితం కోసం మాత్రమే పిలిస్తే, దాన్ని మరొకరి ద్వారా పంపినా సమనును పాటించినట్లే. కుటుంబ న్యాయస్థానంలో సాక్ష్యం సంగతి మరింత సులువు. మామూలు సాక్ష్య నిబంధనల చట్రంలో ఇమడని నివేదికలను, పత్రాలను సైతం వివాద పరిష్కారానికి తోడ్పడతాయనుకుంటే స్వీకరించే అధికారాన్ని 14వ సెక్షను ఆ న్యాయస్థానానికి ఇచ్చింది.

అడిగినదల్లా రాదు

సమను పేరుతో ఎదుటివారి జీవితమంతా తవ్విపోస్తామంటే కోర్టు ఒప్పుకోదు. 'అతని ఖాతాలన్నీ తెప్పించండి, ఏదో ఒకటి దొరక్కపోదు' అన్న ధోరణిలో వేసే దరఖాస్తులు నిలవవు. ఏ బ్యాంకు, ఏ శాఖ, ఏ కాలానికి చెందిన వివరాలన్నది సూటిగా చెప్పినప్పుడే ఫలితం ఉంటుంది. పిల్లల పితృత్వంపై అనుమానం రేపుతూ డీఎన్‌ఏ పరీక్ష కోరే దరఖాస్తులను యథాలాపంగా అనుమతించరాదని 2023లో సుప్రీంకోర్టు హెచ్చరించింది. పెద్దల తగాదాలో బిడ్డ భవిష్యత్తు బలికాకూడదన్నదే ఆ తీర్పు ఆంతర్యం. మరోవైపు, భార్యాభర్తల మధ్య సంభాషణను ఒకరికి తెలియకుండా మరొకరు ఫోనులో రికార్డు చేసినా, వారి మధ్య నడిచే కేసులో దాన్ని సాక్ష్యంగా స్వీకరించవచ్చని 2025 జులై 14న అదే న్యాయస్థానం తీర్పు చెప్పింది. గోప్యతకు, న్యాయమైన విచారణకు మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఏ కేసుకా కేసులో తేలాల్సిందే.

ఈ సాధనం ఒక పక్షానికే చెందినదని కూడా అనుకోరాదు. ఉద్యోగం చేస్తున్న భార్య ఆదాయం లేదని చెబితే, ఆమె జీతం వివరాలను రప్పించమని భర్త సైతం కోరవచ్చు. నిజం బయటపడటమే సమను పరమార్థం.

సముద్రాల అవతలికి సమను

జిల్లా నుంచి చదువులకు, ఉద్యోగాలకు అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లినవారి కుటుంబాల్లోనూ ఇలాంటి కేసులు వస్తున్నాయి. అక్కడి కోర్టులో ఒకరు విడాకులు తెచ్చుకుని, ఇక్కడున్న రెండోవారికి కాగితం పంపితే సంబంధం తెగిపోయినట్లేనా? దీనికి జవాబు తెలుగు నేల మీద పుట్టిన ఒక కేసులోనే ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లాడిన దంపతుల్లో భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టునుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఆ కోర్టు అధికారాన్ని అంగీకరించకుండానే, అభ్యంతరం తెలుపుతూ ఇక్కడినుంచే జవాబు పంపింది. ఆ డిక్రీ మన దేశంలో చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తేల్చిచెప్పింది. సమను అందించినంత మాత్రాన సరిపోదని, ఎదుటివారు నిజంగా వచ్చి వాదించుకోగలిగే అవకాశం ఉండాలని, అవసరమైతే ప్రయాణం, బస, కోర్టు ఖర్చులు కేసు వేసినవారే భరించాలని కూడా ఆ తీర్పు పేర్కొంది. మూడు దశాబ్దాలు దాటినా విదేశీ విడాకుల కేసులకు అదే దిక్సూచి.

ఇక్కడి కోర్టు సమనును విదేశంలో ఉన్న భర్తకు అందించే దారీ ఉంది. సమన్ల అందజేతపై 1965లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారత్ 2006లో చేరింది. 2007 ఆగస్టు నుంచి అది మనకు అమలులోకి వచ్చింది. సభ్యదేశాల్లో నిర్దేశించిన అధికార సంస్థ ద్వారా సమను వెళుతుంది. మన దేశంలో ఆ బాధ్యత కేంద్ర న్యాయ మంత్రిత్వశాఖది. కోర్టు హాజరు కోసం సమను లేదా వారంటు జారీ అయిందన్న సంగతి పాస్‌పోర్టు అధికారుల దృష్టికి వస్తే పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారాన్ని 1967 నాటి పాస్‌పోర్టు చట్టంలోని 10వ సెక్షను ఇచ్చింది. విదేశంలో ఉంటే ఎవరేం చేస్తారన్న భరోసా ఇక చెల్లదు.

ఫోనులో వచ్చే సమను నిజమేనా?

కొత్త సంహిత ఎలక్ట్రానిక్ రూపంలో సమన్లకు చోటు కల్పించింది. అలా వచ్చే సమనుపై కోర్టు ముద్ర ప్రతిరూపం గాని, డిజిటల్ సంతకం గాని ఉండి తీరాలి. ఇదే అదనుగా 'మీపై కేసు ఉంది, డిజిటల్ అరెస్టు చేశాం' అంటూ వాట్సప్‌లో నకిలీ కాగితాలు పంపి డబ్బు గుంజే ముఠాలు దేశమంతటా పెచ్చరిల్లాయి. డిజిటల్ అరెస్టు అన్నది ఏ చట్టంలోనూ లేదు. కేసు మాఫీ చేస్తామని, ఫోనులో డబ్బు పంపమని ఏ కోర్టూ అడగదు. ప్రతి కేసుకు 16 అక్షరాలు, అంకెలతో కూడిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గాని, యాప్‌లో గాని నమోదు చేస్తే కేసు ఏ కోర్టులో ఉంది, తదుపరి వాయిదా ఎప్పుడన్నది తెలిసిపోతుంది. అనుమానం ఉంటే దగ్గరలోని కోర్టుకు వెళ్లి విచారించడం ఉత్తమం. పోలీసు స్టేషనులో కౌన్సెలింగుకు రమ్మని వచ్చే పిలుపును కూడా కోర్టు సమనుగా పొరబడరాదు. రెండూ వేర్వేరు.

దూరాభారమే అసలు అడ్డంకి

చట్టంలో దారులున్నా వాటివరకు చేరడమే పల్నాటి మహిళకు పెద్ద పరీక్ష. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. మాచర్లలో రైలెక్కితే గురజాల, నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరుకు చేరవచ్చు గాని, నరసరావుపేట ఆ దారిలో లేదు. బస్సే శరణ్యం. వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది, చార్జీలు పోతాయి, చంటిబిడ్డతో అవస్థ సరేసరి. తీరా వెళ్లాక 'సమను అందలేదు, మరో తేదీ' అన్న మాట వినాల్సి వస్తే ఆమె ఎన్ని వాయిదాలకు తట్టుకోగలదు?

ఇందుకు కొన్ని వెసులుబాట్లు లేకపోలేదు. హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం భార్య తాను నివసిస్తున్న ప్రాంతంలోని కోర్టులోనే విడాకులు తదితర పిటిషన్లు వేసుకోవచ్చు. మనోవర్తి కేసును సైతం ఆమె ఉంటున్న చోటే దాఖలు చేయవచ్చు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. కోర్టు ప్రాంగణాల్లోని న్యాయసేవా కమిటీలను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు. కాగితాలు రప్పించే దరఖాస్తును కూడా ఆ న్యాయవాది చేతనే వేయించుకోవచ్చు.

సమన్లు వెనక్కి తిరిగి రావడాన్ని అరికట్టేందుకు కేసు వేసేనాడే కొద్దిపాటి జాగ్రత్త అవసరం. ఎదుటి పక్షం పూర్తి చిరునామా, పనిచేసే చోటు, ఫోను నంబరు, ఈ-మెయిలు, బంధువుల ఇళ్ల వివరాలు పిటిషనులో ఇస్తే అమీనా పని సులువవుతుంది. సమను ఎందుకు తిరిగి వచ్చిందో అమీనా నివేదికలో ఏం రాశాడో చూసి, వెంటనే తలుపుకు అంటించే ఉత్తర్వు గాని, పత్రికా ప్రకటన గాని కోరాలి. ఊరుకుంటే వాయిదా మీద వాయిదా తప్పదు. న్యాయసేవా సంస్థలు గ్రామాల్లో జరిపే సదస్సుల్లో హక్కుల గురించి చెప్పడంతో సరిపెట్టకుండా, ఒక సమను నమూనాను చేతికిచ్చి చదివించి చూపితే సగం భయం అక్కడే తీరుతుంది.

పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితంపై రాసుకున్న రాజీ మీద నమ్మకం పెట్టుకుని కోర్టు పిలుపును పక్కన పడేసేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆచారం ఉందని రుజువు చేయగలిగితే తప్ప అటువంటి కాగితం విడాకులు కాజాలదు. రాజీ కుదిరినా దాన్ని కోర్టు ముందో, లోక్ అదాలత్ ముందో పెట్టి నమోదు చేయించుకున్నప్పుడే దానికి విలువ. ఆ రాజీకి సైతం తొలి మెట్టు సమను అందుకుని కోర్టు గుమ్మం తొక్కడమే. కుటుంబ న్యాయస్థానం ముందుగా చేయాల్సిన పని కూడా ఇరువురికీ రాజీ కుదిర్చే ప్రయత్నమేనని చట్టంలోని 9వ సెక్షను చెబుతోంది. అమీనా తలుపు తట్టినప్పుడు తలుపు తీసి సంతకం పెట్టినవారికి కనీసం తమ మాట చెప్పుకునే వేళ దక్కుతుంది. తలుపు మూసుకున్నవారి మాట లేకుండానే ఉత్తర్వు వెలువడుతుంది. దాని భారం మాత్రం ఆ ఇంటి మీదే పడుతుంది.